అలివి వలకు పెట్టుబడి ఎవరిది?

కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో పుట్టీలు, వలలు, ఎండుచేపల వాసన చూస్తే సముద్రపు రేవే గుర్తొస్తుంది. శ్రీశైలం వెనుక జలాలే ఉమ్మడి పాలమూరుకు సముద్రం. ఆ ఒడ్డు బతుకును అలివి వల మింగేస్తోంది. దోమతెరంత సన్నటి కన్నులున్న ఈ వలకు వేలెడంత పిల్ల కూడా చిక్కుతుంది; గుడ్డు పెట్టే ఈడు రాకముందే ఎండి బస్తాకెక్కుతుంది. నిషేధం ఉన్నా వాడకం ఆగలేదు. 2016లో ప్రజల సొమ్ముతో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీకి ఇంతకన్నా పెద్ద గండి లేదు.

వల లాగేది పొట్టకూటికొచ్చిన వలస కూలీలేనని, వాళ్ల నోటికాడి కూడు లాగొద్దని కొందరి వాదన. నిజమే. విశాఖ తీరం నుంచి వచ్చి ఒడ్డున గుడిసెలేసుకున్నవాళ్లూ వారిలో ఉన్నారు. అందుకే దాడులు గుడిసెల మీద కాదు, అప్పిచ్చి వల కొనిపెట్టే దళారుల మీద జరగాలి. ఇంత పొడవైన నదిని ఎవరు కాపలా కాస్తారని ఇంకో ప్రశ్న. నీళ్లన్నీ కాయనక్కర్లేదు. ఎండిన సరుకు ఎప్పటికైనా రోడ్డెక్కాల్సిందే. ఆ దారుల్లో తనిఖీ పెట్టి, స్థానిక మత్స్య సహకార సంఘాల సభ్యులను అందులో కూర్చోబెట్టాలి. ఏ పిల్ల ఏ వలలో పడిందో వాళ్లు చూడగానే చెప్పగలరు.