యంత్రలోకం: గేరు గట్టిగా పడాలంటే

హైడ్రాలిక్ పరికరాలతో నిత్యం పనిచేసే మన సంస్థ సోదరులకు పీడనం, ప్రవాహం అనే రెండు మాటలు సుపరిచితములే. ఈ పర్యాయం ఆ రెండూ ఒక మోటారు వాహనంలో మాకు నేర్పిన పాఠాన్ని పాఠకులతో పంచుకోదలిచాము. పాఠంతోపాటు మా పొరపాటును కూడా చెప్పక తప్పదు.

2023లో సెలవుపై అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడిన మా తమ్ముని ఇంటికి వెళ్లాము. అతని వద్ద 1999 నాటి పికప్ ట్రక్కు ఉన్నది. ట్రైలరు తగిలించి మిట్ట ఎక్కేటప్పుడు ఒకటవ గేరు నుండి రెండవ గేరుకు మారడానికి అది చాలా వ్యవధి తీసుకునేది. "అన్నయ్యా, నీవు ఇంజనీరువు కదా, దీని సంగతి చూడు" అన్నాడు తమ్ముడు.

ఆ బండిలో ఉన్నది 4ఎల్60-ఇ అనే ఆటోమేటిక్ గేరుపెట్టె. జనరల్ మోటార్స్ వారు 1982లో ప్రవేశపెట్టిన 700ఆర్4 దీనికి మాతృక. ఇందులో ఒకటవ గేరు నిష్పత్తి 3.06, రెండవది 1.63. అనగా నిమిషానికి 4000 చుట్లు తిరుగుతున్న ఇంజను, గేరు మారిన మరుక్షణం సుమారు 2130 చుట్లకు దిగిరావాలి. ఈ తేడాను భరించేది ఒక డ్రమ్ము చుట్టూ బిగుసుకునే ఉక్కు పట్టీ. పట్టీ జారుతున్నంతసేపూ ఇంజను శక్తిలో కొంత వేడిగా మారుతుంది. ప్రయాణికులకు కుదుపు తెలియకూడదని తయారీదారులు ఈ జారుడును కొంత పొడిగిస్తారు. బరువు లాగే బండికి ఆ సౌఖ్యమే శత్రువు. ఘర్షణ పూత మాడుతుంది, నూనె నల్లబడుతుంది.

నివారణోపాయాలు ముఖ్యంగా మూడు. మొదటిది, పట్టీని బిగించే సర్వో పిస్టను వైశాల్యం పెంచడం. పీడనం అంతే ఉన్నా బలం పెరుగుతుంది. ఇదే కుటుంబపు గేరుపెట్టెలో కార్వెట్ కారుకు వాడిన పెద్ద పిస్టను ఇందుకు ప్రసిద్ధం. రెండవది, అక్యుములేటరులోని స్ప్రింగును గట్టిది వేయడం. పీడనం త్వరగా పెరుగుతుంది. మూడవది, వాల్వు బాడీ పలకలో నూనె ప్రవహించే రంధ్రాన్ని పెద్దది చేయడం.

ముందుగా నూనె తొట్టి విప్పించి చూశాము. అయస్కాంతంపై సన్నని బూడిదరంగు పొడి తప్ప లోహపు రేకులు గాని, నూనెలో మాడు వాసన గాని లేవు. పూత అప్పటికే మాడి ఉంటే ఈ మార్పులేవీ దానిని బ్రతికించలేవు. కనుక ఈ పరీక్ష తప్పనిసరి.

ఇక మా పొరపాటు. మూడు మార్పులూ ఒకేసారి చేయించాము. రంధ్రం విషయంలో అక్కడి మెకానిక్కు "నడిమి కొలత చాలు" అన్నాడు. మేము లెక్కలు చూపి పెద్ద కొలతే వేయించాము. మరునాడు అమ్మను ఎక్కించుకుని బయలుదేరాము. రెండవ గేరు పడగానే వెనుకనుండి ఎవరో గుద్దినట్లయింది. అమ్మ తలుపు పిడి పట్టుకుని, "నాయనా, ఇది బాగుచేసినట్లా, చెడగొట్టినట్లా?" అని అడిగింది. మా వద్ద సమాధానం లేదు. జారుడు తగ్గించే తొందరలో, ఆ శక్తి అంతా క్షణమాత్రంలో షాఫ్టులపై, యూనివర్సల్ జాయింట్లపై, వెనుక ఇరుసుపై పడుతుందని మరచాము.

తొలిచిన లోహాన్ని తిరిగి అతికించలేము గదా! కొత్త పలక తెప్పించి, మెకానిక్కు చెప్పిన కొలతే వేయించి, పాత స్ప్రింగునే తిరిగి అమర్చాము. పెద్ద పిస్టనును మాత్రం ఉంచాము. ట్రైలరు కోసం అదనపు నూనె కూలరు బిగించి, కొత్త నూనె పోశాము. ఇప్పుడు గేరు స్పష్టంగా పడుతుంది, కుదుపు లేదు. ఈ ఖర్చులో సగానికి మా అహమే కారణమని తమ్ముని ఎదుట ఒప్పుకున్నాము.

మన షాపుల్లోనూ సిలిండరు మెల్లగా కదిలితే వెంటనే రిలీఫ్ వాల్వు బిగించే అలవాటు కొందరికి ఉన్నది. మార్పును ఒకటొకటిగా చేయండి; ప్రతి మార్పు తరువాత పీడనమాపకం చూడండి; ఆ యంత్రంతో చేతులు నల్లబడిన మనిషి మాటను లెక్కల కంటె తక్కువగా చూడకండి. యాభై ఏళ్లు దాటాక నేర్చుకున్న పాఠమిది. యువ ఇంజనీర్లు ఇంకా ముందే నేర్చుకుంటారని ఆశిస్తున్నాము.