దిగి రావడం కూడా ఎక్కడంలో భాగమే



మన హాస్టల్లో మంచి విద్యార్థి అంటే ఎవరు? తెల్లవార్లూ లైటు ఆర్పకుండా చదివేవాడు, జ్వరం వచ్చినా చెప్పనివాడు, ఎంత బాధ ఉన్నా కంటతడి పెట్టనివాడు. నేనూ అలాగే అనుకొని పెరిగాను. అది తప్పని ఇప్పుడు నా అభిప్రాయం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మనలాంటివాళ్లు పరీక్ష హాలుకు ఒంటరిగా పోరు. అమ్మానాన్నల కూలి, తీరని అప్పు, ఊరివాళ్ల మాట అన్నీ వెంట వస్తాయి. డిగ్రీ రెండో సంవత్సరంలో నేను ఒక పేపరు తప్పాను. రెండు నెలలపాటు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉన్నానని అబద్ధం చెప్పాను. నిద్ర పట్టలేదు, పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం తలకెక్కలేదు. చివరికి ఒక సీనియర్ అన్నతో చెప్పుకున్నాను. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. వెంటబెట్టుకొని భోజనానికి తీసుకుపోయాడు. రాత్రి పదింటికి పడుకొమ్మన్నాడు. రోజుకొక్క పాఠం చదివి తనకు అప్పజెప్పమన్నాడు. సప్లిమెంటరీలో పాసయ్యాను. ఆ తర్వాత ఇంట్లో అంతా చెబితే అమ్మ ఒక్కటే మాట అన్నది, "ముందే చెప్తే ఏమైతుండె నాయనా?"

మన గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. వారి ధైర్యం గురించి మనం ఎన్నో సభల్లో విన్నాం. ఆ ధైర్యం ఎట్లా తయారైందో చెప్పినవాళ్లు తక్కువ. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ, ఆ తర్వాతే ఎవరెస్ట్. అంతటి కొండను ఎవరూ ఒక్క ఊపులో ఎక్కరు. కొంత ఎత్తు ఎక్కి, మళ్లీ కిందికి దిగి, విశ్రాంతి తీసుకొని, తక్కువ గాలికి ఒంటిని అలవాటు చేసుకుంటారు. ఆ దిగి రావడం ఓటమి కాదు. అదీ ఎక్కడంలో భాగమే.

అంత దూరం ఎందుకు? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మన రాజోలిని ముంచినప్పుడు మగ్గాలు నీటి పాలయ్యాయి. అయినా ఊళ్లో నేత ఆగిపోలేదు. ఒకరికొకరు చేయందించుకొని, బయటి సాయమూ తీసుకొని నిలబడ్డారు. సాయం అడిగినందుకు వారిని పిరికివాళ్లని ఎవరైనా అన్నారా? పోగు తెగితే నేతన్న పడుగంతా కోసి పారేయడు. ఆగి, ముడి వేసి, మళ్లీ నేస్తాడు.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లిన సంగతి తర్వాత బయటపడింది. తప్పు పడిన మార్కును దిద్దవచ్చు, తప్పిన పరీక్షను మళ్లీ రాయవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

కష్టపడవద్దని నేను చెప్పడం లేదు. ఒక్క పరీక్షకు కాదు, పదేళ్లు పరుగెత్తాలంటే ఒంటికి నిద్ర, మనసుకు ఒక తోడు కావాలంటున్నాను. అందుకే నావి మూడు కోరికలు. పరీక్షల కాలంలోనూ రాత్రి పదిన్నరకు లైట్లు ఆర్పాలి. పదో తరగతి తమ్ముళ్లలో ఒక్కొక్కరిని ఒక్కో పూర్వ విద్యార్థి బాధ్యతగా తీసుకొని ప్రతి ఆదివారం మాట్లాడాలి. నేను ఒకరిని తీసుకోవడానికి సిద్ధం. మూడోది, ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. దానికి డబ్బులు పడవు, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడవచ్చు.

తమ్ముడూ, ఈ పేజీ చదువుతున్న నీకు ఈ మధ్య నిద్ర పట్టడం లేదా? ఈ రాత్రే పక్క మంచం మీది స్నేహితుణ్ణి లేపి చెప్పు. నీకు ధైర్యం తక్కువై కాదు, నువ్వు ఇంకా చాలా దూరం పోవలసినవాడివి కాబట్టి.