నాకేం అభ్యంతరం లేదు గానీ...

2020 మార్చి 3, మంగళవారం. సాయంత్రం ఆరున్నర. డాలస్‌కి ఉత్తరాన మా ఊరి పోలింగ్ కేంద్రం ముందు లైన్లో నిలబడి ఉన్నాను. పక్కన మా అమ్మాయి, అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. ఏడింటికి లైన్ మూసేస్తారు. లోపల ఫోన్లు వాడకూడదు కాబట్టి దానికి బోర్ కొట్టి నన్ను ప్రశ్నలతో చంపుతోంది.

పౌరసత్వం వచ్చాక నేను వేస్తున్న మొదటి ప్రైమరీ ఓటు అది. ఆ రోజు వేసిన ఓటు గురించి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒక గిల్టీ ఫీలింగ్ ఉంది. ఎవరికి వేశాననేది కాదు, ఎందుకు వేశాననేది. ఈ వారం ఆ సంగతి చెప్తాను.

ముందు ప్రైమరీ అంటే ఏంటో రెండు ముక్కల్లో. మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం చూసుకుంటుంది. సర్వేలు చేయించి, కులాల లెక్కలు వేసి, ఖర్చు పెట్టుకోగలడా లేదా కనుక్కుని, చివరికి ఒకరి చేతిలో బీఫారం పెడుతుంది. మర్నాడు పేపర్లో 'గెలుపు గుర్రాలకే టికెట్లు' అని హెడ్డింగ్ వస్తుంది. అమెరికాలో ఆ బీఫారం ఎవరికివ్వాలో తేల్చేది చాలావరకు ఓటర్లే. రాష్ట్రాల వారీగా, నెలల తరబడి. టెక్సాస్‌లో అయితే పార్టీ సభ్యత్వం కూడా అక్కర్లేదు. వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్తే చాలు.

అంటే గెలుపు గుర్రం ఏదో కనిపెట్టే తలనొప్పి కూడా ఓటరుదే అన్నమాట!

ఆ ఏడాది డెమోక్రాట్లలో ఒక దశలో ఇరవై మందికి పైగా పోటీలో ఉన్నారు. అందరి నోటా ఒకటే మాట. "ట్రంప్‌ని ఎవరు ఓడించగలరు?" ఎగ్జిట్ పోల్స్‌లో కూడా చాలా రాష్ట్రాల్లో సగం కంటే ఎక్కువ మంది, 'నా అభిప్రాయాలతో కలిసే అభ్యర్థి కన్నా గెలవగలిగే అభ్యర్థే కావాలి' అన్నారు.

మా ఇంట్లో సీన్ కూడా అదే. మా ఆయన బైడెన్ పార్టీ. మా మరిది అప్పుడు ఇక్కడే ఎమ్మెస్ చదువుతున్నాడు, శాండర్స్ అంటే ప్రాణం. స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు, ఓటే లేదు. ఓటు లేనివాడికే గొంతెక్కువ కదా! పక్క వీధిలో ఉండే అక్క బుటిజెజ్‌ని పట్టుకుంది. నాకు ఎలిజబెత్ వారెన్ ఇష్టం. ప్రతిదానికీ ఆవిడ దగ్గర ఒక ప్లాన్ ఉండేది, లెక్కలతో సహా.

ఆదివారం భోజనాలప్పుడు యుద్ధం మొదలయ్యేది.

"బైడెన్ అయితే మధ్యలో ఉన్నవాళ్ళు భయపడరు. పెన్సిల్వేనియా, మిషిగన్ మళ్ళీ మనకొస్తాయి," అని మా ఆయన.

"అన్నయ్యా, 2016లో కూడా ఇదే చెప్పి క్లింటన్‌ని నిలబెట్టారు. ఏమైంది? ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళని బయటికి తీసుకొచ్చేవాడే గెలుస్తాడు. కావాలంటే పోల్స్ చూడండి వదినా," అని మరిది.

"మీ ఇద్దరి ముసలాళ్ళూ వద్దురా బాబూ. మావాడు కుర్రాడు, సైన్యంలో పనిచేసొచ్చాడు, చక్కగా మాట్లాడతాడు. వాడే గెలుస్తాడు," అని అక్క.

ఇప్పుడు తల్చుకుంటే ఒకటి తమాషాగా అనిపిస్తుంది. అక్క వాళ్ళాయన ఉద్యోగం మారి మధ్యలో మూడు నెలలు ఇన్సూరెన్స్ లేకుండా గడిపారు. ఆ మూడు నెలలూ పిల్లాడికి జ్వరం వస్తే చాలు గుండెలు గుబగుబలాడేవని తనే చెప్పింది. శాండర్స్ ఏమో అందరికీ ప్రభుత్వ ఇన్సూరెన్స్ అన్నాడు. బుటిజెజ్ ఇష్టమైనవాళ్ళు అందులో చేరవచ్చన్నాడు. బైడెన్ ఒబామా తెచ్చిన చట్టాన్నే పెంచుతానన్నాడు. మూడూ మూడు దారులు. వాటిలో మనకి ఏది మంచిదో ఆ టేబుల్ దగ్గర ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు. 'ఎవరు గెలుస్తారు' అనే గోలలో 'గెలిచి ఏం చేస్తారు' అనేది కొట్టుకుపోయింది.

నా వంతు వచ్చినప్పుడు అందరూ ఒకటే మాట. "వారెన్ మంచిదే. నాకేం అభ్యంతరం లేదు గానీ, ఈ దేశం ఆడదాన్ని గెలిపించదు."

ఆ వాక్యం నేను అంతకుముందే ఒకసారి విన్నాను.

2015లో. ఆఫీసులో టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయింది. పని మొత్తం నాకే తెలుసు. మేనేజరు గదిలోకి పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు. నీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, నాకేం అభ్యంతరం లేదు గానీ, క్లయింట్ వైపు వాళ్ళు నీ యాసకి అలవాటు పడటం కష్టం అని. పోస్టు ఇంకొకరికి వెళ్ళింది. ఏడాది తర్వాత ప్రాజెక్టు అయిపోయిన రోజు లంచ్‌లో ఆ క్లయింట్ ఆవిడే నన్నడిగింది, "నువ్వెందుకు లీడ్ అవ్వలేదు? మేం నువ్వే అనుకున్నాం" అని. వాళ్ళని ఎవరూ అడగనే లేదట!

మనకిది కొత్తేం కాదు. "నాకేం లేదమ్మా, నలుగురూ ఏమనుకుంటారో అని" అనే మాట విననిదే ఏ తెలుగు ఇంట్లోనైనా ఆడపిల్ల పెరుగుతుందా? ఆ నలుగురు ఎక్కడుంటారో ఎవరికీ తెలీదు. వాళ్ళని అడిగితే వాళ్ళు కూడా 'నాకేం లేదు, మిగతా నలుగురే' అంటారు.

దీని గురించి కీన్స్ అనే ఆర్థికవేత్త 1936లోనే రాశాడు. ఆయన చెప్పింది షేర్ మార్కెట్ గురించి. ఒక పేపర్ వంద ఫొటోలు వేసి, ఆరు అందమైన ముఖాలు ఎంచుకోమంది అనుకోండి. ఎక్కువమంది ఎంచుకున్నవాటితో ఎవరి లిస్టు కలిస్తే వాళ్ళకి బహుమతి. అప్పుడు ఎవడూ తనకి నచ్చిన ముఖం ఎంచుకోడు. పక్కవాడికి నచ్చేది ఏదో ఊహిస్తాడు. పక్కవాడూ అదే చేస్తుంటాడు. చివరికి గెలిచిన ముఖం నిజంగా ఎవరికి నచ్చిందో దేవుడికే తెలియాలి.

సరే, ఈ గెలుపు జోస్యాల రికార్డు ఎలా ఉందో చూద్దాం.

2004లో డెమోక్రాట్లకి హొవార్డ్ డీన్ అంటే ఊపు. కానీ ఆయన గెలవడని భయపడి, వియత్నాం యుద్ధంలో పతకాలు తెచ్చుకున్న జాన్ కెర్రీని ఎంచుకున్నారు. యుద్ధ వీరుణ్ణి బుష్ ఏమంటాడులే అని. ప్రత్యర్థులు సరిగ్గా ఆ యుద్ధ రికార్డు మీదే యాడ్లు వేసి కొట్టారు. కెర్రీ ఓడిపోయాడు.

2008లో ఒబామా గెలవడన్నారు. పెన్సిల్వేనియా, ఒహాయో లాంటి పెద్ద రాష్ట్రాల ప్రైమరీలు నేనే గెలిచాను కాబట్టి నవంబర్లో గెలవగలిగేది నేనేనని హిల్లరీ క్లింటన్ వాదన. నల్లవాళ్ళలో కూడా చాలామందికి మొదట్లో అనుమానమే, తెల్లవాళ్ళు వేస్తారా అని. జనవరి 3న, తెల్లవాళ్ళే ఎక్కువగా ఉండే అయోవాలో ఆయన గెలిచాక అనుమానం పోయింది. జనవరి 26న సౌత్ కరోలినాలో భారీగా గెలిచాడు. నవంబర్లో పెన్సిల్వేనియా, ఒహాయో రెండూ ఆయనకే వచ్చాయి. మొత్తం 365 ఎలక్టోరల్ ఓట్లు.

2016లో ట్రంప్ గెలవడని ఆయన పార్టీ పెద్దలే అన్నారు. ప్రైమరీలో పదహారు మందిని దాటి, నవంబర్లో దేశం మొత్తం మీద 28 లక్షల పైచిలుకు ఓట్లు తక్కువొచ్చినా, అధ్యక్షుడయ్యాడు.

ఈ లెక్కన ఎవరు గెలుస్తారో జనానికి తెలుసనుకోవడం కాస్త ఎక్కువే.

మళ్ళీ 2020కి వద్దాం. బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. గెలవగలిగేవాడు అని పేరు పడ్డ మనిషే గెలవట్లేదు! ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు ఆయన్ని నిలబెట్టారు. మర్నాడే బుటిజెజ్ తప్పుకున్నాడు. ఆ తర్వాతి రోజు క్లోబుచార్. ఆ సాయంత్రం బైడెన్‌కి మద్దతివ్వడానికి వాళ్ళొచ్చింది ఎక్కడికనుకున్నారు? మా డాలస్‌కే.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. "ఏమే, నా ఓటు మురిగిపోయిందే!" అని దాదాపు ఏడుపు. టెక్సాస్‌లో ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 28తో అయిపోయింది. తను వెళ్ళి బుటిజెజ్‌కి వేసొచ్చింది. వేసిన ఓటు మార్చుకోవడానికి ఉండదు. "గెలిచేవాడికి వేద్దామనే కదే వాడికి వేశాను," అంది. నవ్వాలో ఓదార్చాలో తెలీలేదు.

ఆ భయంతోనే మర్నాడు లైన్లో నిలబడ్డాను. నా ఓటు కూడా మురిగిపోకూడదు అనుకుంటూ.

నిజం చెప్పాలంటే అప్పటికి వారెన్ వెనకబడిపోయింది. నాలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ గెలవలేదు. పదిహేను శాతం ఓట్లు రాకపోతే డెలిగేట్లు కూడా రారు. కాబట్టి నా భయం పూర్తిగా పిచ్చిది కాదు. కానీ ఆవిడ ఎందుకు వెనకబడింది? ఇష్టపడి కూడా వెయ్యని నాలాంటి వాళ్ళ వాటా అందులో ఎంత? జనవరి డిబేట్లో ఆవిడే చెప్పింది. ఈ వేదిక మీదున్న మగవాళ్ళు నలుగురూ కలిపి పది ఎన్నికలు ఓడిపోయారు, మేమిద్దరు ఆడవాళ్ళం నిలబడ్డ ప్రతి ఎన్నికా గెలిచాం అని. ఆ రోజు టీవీ ముందు చప్పట్లు కొట్టాను. మార్చి 3న తెర మీద ఆవిడ పేరు దాటి బైడెన్ పేరు నొక్కాను.

బయటికొచ్చాక స్టిక్కర్ మా అమ్మాయి చొక్కాకి అంటించాను.

"నీకు వారెన్ ఇష్టం కదమ్మా?"

"ఇష్టమే. కానీ ఆవిడ గెలవదు నాన్నా."

"ఎవరు చెప్పారు?"

"అందరూ."

కాసేపు ఆలోచించి అంది, "నువ్వు కూడా వెయ్యలేదు కదా మరి."

కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు బ్యాగులో తల దూర్చేశాను.

నవంబర్లో బైడెన్ గెలిచాడు, 306 ఓట్లతో. మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి గుర్తు చేస్తాడు. నేనూ ఒప్పుకుంటాను. ఆయన చెప్పింది తప్పని నిరూపించే దారి నాకు లేదు. కానీ అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింట్లో కలిపి తేడా 43 వేల ఓట్లు మాత్రమే. ఇంకొకరైతే ఓడేవాళ్ళా, ఇంకా బాగా గెలిచేవాళ్ళా? తెలీదు. నిలబడనివాళ్ళ ఫలితం ఎప్పటికీ రాదు. 2024లో కమలా హారిస్ ఓడిపోగానే మా ఇంట్లో "చెప్పానా, ఆడదాన్ని గెలిపించరని" అనేశారు. ఆవిడకి మిగిలింది నూట ఏడు రోజులు, ధరల మీద జనం కోపంగా ఉన్నారు, ఇంకా సవాలక్ష కారణాలున్నాయి. అవన్నీ పక్కకి పోయి ఒక్కటే మిగిలింది.

గెలుపు గురించి ఆలోచించడం తప్పని నేననను. ఓడిపోతే నష్టపోయేది మామూలు మనుషులే. సౌత్ కరోలినాలో ఓటేసిన పెద్దవాళ్ళు సరదాకి లెక్కలు వెయ్యలేదు, పక్కవాళ్ళ మనసు జీవితమంతా చూసి వేశారు. అలా అనుభవంతో వేసే లెక్క వేరు, నాలాగా నలుగురి మీదకి నెట్టేసే లెక్క వేరు.

అందుకే ఇప్పుడు నాకొక అలవాటు వచ్చింది. ఎవరైనా "వాళ్ళు గెలవరు" అంటే మూడు అడుగుతాను. వాళ్ళు అంటే ఎవరు వెయ్యరు, ఒక ఊరో జిల్లానో చెప్పు. నీకెలా తెలుసు. వాళ్ళ సంగతి సరే, నువ్వు వేస్తావా, వెయ్యవా? మూడోదానికి చాలామంది మాట మారుస్తారు. మొదట మార్చింది నేనే.

ఇది చదివే మీలో చాలామందికి ఓటు ఇండియాలోనే ఉంది. మన దగ్గర ప్రైమరీలు లేవు. కానీ "వాడు మంచోడే, వేస్తే మురిగిపోతుంది" అనే మాట ప్రతి ఊళ్ళో ఉంది. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. అడిగి చూసి నిజమనుకోండి, అంతే.

మా అమ్మాయికి ఇప్పుడు ఓటు వయసు దగ్గర పడుతోంది. ఆ స్టిక్కర్ ఇంకా దాని పాత పుస్తకం అట్ట మీద ఉంది. అది మొదటిసారి ఓటెయ్యడానికి వెళ్ళే రోజు నన్ను సలహా అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. అడగదనుకోండి, అది వేరే సంగతి.

మీరెప్పుడైనా నచ్చినవాళ్ళని వదిలి 'గెలిచేవాళ్ళకి' వేశారా? తర్వాత ఏమనిపించింది? రాయండి. వచ్చే వారం కలుద్దాం.