కత్తి పట్టే చేతికి తెలియవలసినవి

బక్రీదు దగ్గరపడుతున్న కొద్దీ పూతలపట్టు మొదలు పలమనేరు వరకూ మన ఇళ్లలో రెండు ప్రశ్నలు వినవస్తుంటాయి. ‘ఈసారి జిబహ్ మనమే చేసుకుందామా?’ అన్నది మొదటిది. రెండవది కాస్త గొంతు తగ్గించి అడిగేది: ‘అడవి మాంసం దొరుకుతుందట, తినవచ్చునా?’ ఈ నెల ఆ రెండింటినీ కలిపి పరిశీలిద్దాం. రెండవదానితోనే ఆరంభిద్దాం.

అడవి మాంసం సంగతి

ఇస్లాం వేటను మూలతః నిషేధించలేదు. శిక్షణ పొందిన జంతువులు పట్టి తెచ్చిన వేటను సూరా మాయిదా 4వ ఆయత్ అనుమతించింది. అయితే ఆ అనుమతికి గట్టి హద్దులున్నాయి. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వేట గురించి ప్రశ్నించినప్పుడు, అల్లాహ్ పేరు స్మరించి బాణం వదలాలని దైవప్రవక్త (స) బోధించారు. దెబ్బతిన్న జంతువు నీటిలో పడి చనిపోయి కనబడితే తినవద్దన్నారు. దానిని చంపినది బాణమో నీరో తెలియదు గనుక! అనుమానం ఉన్నచోట చేయి వెనక్కి తీసుకోవాలన్నదే అందులోని పాఠం.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి చూద్దాం. చాటుమాటుగా అమ్మకానికి వచ్చే దుప్పి మాంసం ఎలా వస్తుంది? తీగ ఉచ్చులో మెడ బిగిసి చచ్చినదో, అడవిపందుల కోసం పొలం చుట్టూ పెట్టిన కరెంటు తీగకు తగిలి పడినదో, నాటు తుపాకి గుండుకు కూలినదో అయి ఉంటుంది. ఊపిరాడక చచ్చినదీ, దెబ్బకు చచ్చినదీ హరామ్ అని అదే సూరా 3వ ఆయత్ స్పష్టం చేసింది. తుపాకి గుండు తగిలిన జంతువును ప్రాణముండగా జిబహ్ చేయకపోతే హనఫీ ఉలమాలలో అధికులు దానిని హలాల్‌గా పరిగణించరు. చాటుగా వచ్చిన మాంసానికి సాక్ష్యం చెప్పేవారెవరు?

దేశ చట్టం కూడా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లోని 9వ సెక్షన్ వేటను నిషేధిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉంది. దానిని వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. ఒక పూట కూర కోసం ఇంటిల్లిపాదినీ కోర్టుల చుట్టూ తిప్పడం వివేకమేనా? కనుక జింకను అడవికే వదిలేద్దాం. వేటగాడు అడవిలో ఏ పని నేర్చుకోవాలో, ఆ పని మన పెరటిలోని పొట్టేలు దగ్గర మనకూ అవసరమే.

కత్తికి ముందు

కనీసం పన్నెండు గంటల ముందు నుంచి మేత ఆపాలి. నీళ్లు మాత్రం ఆపకూడదు. పొట్ట ఖాళీగా ఉంటే తర్వాతి పని శుభ్రంగా సాగుతుంది. నీళ్లు తాగిన జంతువు తోలు సులువుగా వస్తుంది. కత్తిని ముందే పదును పెట్టుకోవాలి. జంతువు చూస్తుండగా పదును పెట్టడం, ఒక జంతువు ఎదుట మరొకదానిని కోయడం మన ధర్మం మెచ్చే పనులు కావు. జిబహ్ కూడా చక్కగా, జంతువుకు బాధ తగ్గేలా చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు.

పదునైన కత్తితో, ఆగకుండా, శ్వాసనాళం, ఆహారనాళం, మెడకు ఇరువైపులా ఉన్న రక్తనాళాలు తెగాలి. వెన్నుపాము వరకూ కత్తి దింపకూడదు. రక్తం పూర్తిగా పోయి, కదలిక అణగేవరకు తోలు మీద చేయి వేయరాదు. తొందరపడేవారు ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే.

‘ఆడవారు కోయవచ్చునా?’ అని అడిగే సోదరీమణులకు ఒక మాట. చనిపోబోతున్న గొర్రెను ఒక సేవకురాలు పదునైన రాతితో జిబహ్ చేయగా, దానిని తినవచ్చునని దైవప్రవక్త (స) అనుమతించిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది.

తోలు, పొట్ట

తోలు తీయడం చేతకాని ఒక బాలుడిని దైవప్రవక్త (స) దారిలో చూశారు. పక్కకు జరగమని, తోలుకూ మాంసానికీ నడుమ తమ చేతిని చంక వరకూ దూర్చి ఎలా తీయాలో చూపించారు. ఆ తర్వాత వెళ్లి నమాజు చేయించారు. అబూదావూద్ గ్రంథంలోని ఈ ఉదంతం మనకు రెండు విషయాలు చెబుతుంది. రాని పనిని నేర్పేవారు ఎగతాళి చేయరాదు. తోలు తీసేది ప్రధానంగా కత్తి కాదు, పిడికిలి.

వెనుకకాళ్ల నరాల మధ్య కొక్కెం వేసి జంతువును వేలాడదీయాలి. కాళ్ల లోపలివైపు, పొట్ట మధ్య గీత మీద మాత్రమే కత్తితో గాటు పెట్టి, మిగిలినదంతా పిడికిలితో తోస్తూ దించాలి. వెంట్రుకను పట్టిన చేతితో మాంసం తాకకూడదు.

పొట్ట తెరిచేటప్పుడు ముందుగా ఆహారనాళాన్నీ, మలద్వారాన్నీ దారంతో కట్టాలి. చిన్న గాటు పెట్టి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, వాటి మధ్య కత్తిని అంచు బయటివైపు ఉండేలా నడపాలి. ఇలా చేస్తే పేగు తెగదు. మూత్రపు సంచినీ, కాలేయానికి అంటుకున్న పిత్తపు సంచినీ పగలకుండా తీయాలి. పిత్తం చిందితే ఆ భాగం చేదెక్కుతుంది. కారిన రక్తం హరామ్. పిత్తపు సంచి, మూత్రపు సంచి, గ్రంథులు, జననాంగాలు, వృషణాలు హనఫీ ఫిఖ్హ్‌లో తినదగనివి.

కాలేయాన్నీ ఊపిరితిత్తులనూ వెలుతురులో చూడండి. నీటి బుడగల వంటి తిత్తులు కనబడితే ఆ భాగాన్ని వేరుచేయండి, కుక్కలకు మాత్రం వేయకండి. ఆ తిత్తులలోని పురుగు కుక్క పేగులలో పెరుగుతుంది. దాని గుడ్లు తిరిగి మన పిల్లల చేతులకు, నోటికి చేరి, వారి కాలేయంలోనే తిత్తులు కట్టిస్తాయి. వ్యర్థాన్ని లోతైన గుంటలో పూడ్చిపెట్టడం పొరుగువారి హక్కు కూడా.

ఇటీవల పండుగ ఎండల్లో వస్తున్నది. వేడి మాంసాన్ని సంచులలో కుక్కితే గంటలలోనే వాసన వేస్తుంది. నీడలో, గాలి తగిలేలా, ముక్కలను పరచి ఆరనిచ్చి తర్వాత పంచండి.

పంపకం

ఒక భాగం ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు అన్నది ఉత్తమ పద్ధతి. పని రాని చోట ఖసాయి సోదరులను పిలవడంలో తప్పేమీ లేదు. అయితే వారి కూలి మన జేబులోనుంచి వెళ్లాలి. ఖుర్బానీ మాంసం, తోలు కూలిగా ఇవ్వరాదని హజ్రత్ అలీ (రజి) ద్వారా మనకు అందిన ఆదేశం. కూలి ఇచ్చాక కానుకగా మాంసం ఇవ్వడం వేరు. తోలు అమ్మితే ఆ డబ్బు దానానికే.

తొలిసారి కత్తి పట్టే యువకులు అనుభవమున్న పెద్దల పక్కన నిలబడి ఒకటి రెండు చూసి, ఆ తర్వాతే పూనుకోవాలి. మాంసమూ రక్తమూ అల్లాహ్‌ను చేరవని, మన భయభక్తులే చేరతాయని సూరా హజ్ బోధ. ఒక జీవం ప్రాణాన్ని తీసే చేతిలో ఆ భయభక్తులు ముందుగా కనిపించవలసింది కత్తి పదునులో, ఆ జీవం పట్ల చూపే కనికరంలో. అల్లాహ్ మన ఖుర్బానీలను స్వీకరించుగాక! ఆమీన్.