సీజను పనికి పోయే చదువుకునే పిల్లలు

మన వార్షికోత్సవ సంచికలో ఏటా కొలువుల గురించి, కోచింగుల గురించి, గ్రూప్స్ పరీక్షల గురించి రాస్తూనే ఉన్నాం. మనలో చాలామంది చదువుకుంటూ చేసే పని గురించి మాత్రం ఎవరూ రాయరు. అదే ఫంక్షన్ హాళ్ళలో వడ్డన పని. బాలాపూర్, మీర్‌పేట్, కర్మన్‌ఘాట్, ఎల్.బి.నగర్ చుట్టుపక్కల ముహూర్తం ఉన్న రాత్రి తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని ట్రే పట్టుకుని తిరిగే కుర్రాళ్ళలో హాస్టల్ పిల్లలు ఎందరుంటారో మనకు తెలియంది కాదు. మేమూ చేశాం. పని చేయడం చిన్నతనమని మేం అనుకోవడం లేదు. ఇంటి నుంచి పైసలు వచ్చే పరిస్థితి లేదు. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవాళ్ళకు నెలకు 1500 ఉన్న మెస్ ఛార్జీలు 2024 చివర్లో 2100 అయ్యాయి, సంతోషమే. అయితే అవి అన్నానికి. బస్సు పాసుకీ, జిరాక్సులకీ, పరీక్ష ఫీజుకీ ఎవరిస్తారు?

కాబట్టి పని మానెయ్యమని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చదువుకునేవాణ్ణి సీజనుకు పనిలో పెట్టుకోవడం ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న వ్యాపారమే. కొన్నిచోట్ల దానికి నియమాలున్నాయి. అవి ఎలా వచ్చాయో తెలిస్తే మనం ఏం అడగాలో తెలుస్తుంది.

అమెరికాలో విస్కాన్సిన్ డెల్స్ అనే చిన్న ఊరుంది. దాని పక్కన లేక్ డెల్టన్. 1927లో ఒక వాగుకు కట్ట వేసి చేసిన చెరువది. చుట్టూ రిసార్టులు, పడవలు, నీటి ఆటల పార్కులు. అలాంటి చెరువుగట్టు మీద రెస్టారెంటు నడిపేవాడి లెక్క ఒకసారి చూడండి. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవుకు జనం మొదలవుతారు, సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డేతో పలచబడతారు. ఆ వంద రోజుల గిరాకీయే ఏడాది మొత్తానికి ఆధారం. ఏడాదంతా జీతాలిచ్చి మనుషుల్ని ఉంచుకోలేడు. సెలవుల్లో పనికొచ్చే అక్కడి కాలేజీ పిల్లలేమో ఆగస్టులోనే చాలామంది చదువులకు వెళ్ళిపోతారు, సీజను ఇంకా మిగిలే ఉంటుంది. శనివారం రాత్రి బల్లలన్నీ నిండినప్పుడు ఇద్దరు రాకపోతే చాలు, వంటింటి నుంచి గల్లాపెట్టె దాకా అంతా ఆగిపోతుంది. పెళ్ళిలో వడ్డన చేసినవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

అందుకని వాళ్ళు విదేశాల కాలేజీ విద్యార్థుల్ని పిలిపించుకుంటారు. జె-1 వీసా కింద సమ్మర్ వర్క్ ట్రావెల్ అని ఒక పథకం ఉంది. 1961లో వచ్చిన సాంస్కృతిక మార్పిడి చట్టం దీనికి మూలం. రుమేనియా, బల్గేరియా, టర్కీ, జమైకా వంటి దేశాల పిల్లలు ఎక్కువగా వస్తారు. గరిష్ఠంగా 4 నెలలు ఉండొచ్చు, ఆ నెలలు వాళ్ళ సొంత కాలేజీ సెలవుల్లోనే పడాలి. పేరుకు సంస్కృతి మార్పిడి. యజమానికి ఇంకో లాభం కూడా ఉంది. ఇలా వచ్చే విద్యార్థుల జీతాల మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద కట్టాల్సిన 7.65 శాతం కట్టక్కర్లేదు. సంస్కృతి మీద యజమానులకు అంత ప్రేమ ఎందుకో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

దూరదేశం నుంచి పిల్లల్ని తెచ్చుకుంటే వాళ్ళు పడుకోవడానికి చోటు చూడాలి. సీజనులో రిసార్టు ఊళ్ళలో అద్దెగది దొరకడం కష్టం. కొందరు యజమానులు పాత మోటళ్ళను కొని పిల్లల వసతికి వాడుతుంటారు. అంటే రెస్టారెంటు నడపడమంటే సగం హాస్టల్ నడపడమే అన్నమాట. గదికి ఎందరు, బాత్రూముకు ఎందరు, రాత్రి పని అయ్యాక మూడు మైళ్ళ అవతల ఉన్న గదికి ఎలా చేరాలి, సైకిలు ఇస్తారా, బండి పంపుతారా, గది అద్దె జీతంలో ఎంత కోస్తారు - సీజను బాగా నడిచిందా లేదా అన్నది వంట రుచి కన్నా వీటి మీదే ఎక్కువ తేలుతుంది. హాస్టల్లో పెరిగిన మనం ఈ మాట ధైర్యంగా చెప్పగలం. తిండీ నిద్రా సరిగా లేని కుర్రాడు చిరునవ్వుతో వడ్డించలేడు.

అక్కడి యజమానులందరూ ధర్మరాజులేం కాదు. 2011 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రం పామైరాలో హెర్షీ చాక్లెట్ల గోదాములో ఇదే వీసా మీద వచ్చిన విద్యార్థులు వందలమంది పని ఆపి బయటికొచ్చారు. అమెరికా చూద్దాం, ఇంగ్లీషు నేర్చుకుందాం అని వేల డాలర్లు కట్టి వస్తే రాత్రిళ్ళు బరువైన పెట్టెలు ఎత్తే పని ఇచ్చారు. అద్దెలు, కోతలు పోగా చేతికి వచ్చింది కొంచెమే. వాళ్ళలో మెడిసిన్, ఇంజనీరింగ్ చదివేవాళ్ళున్నారు. ఆ గొడవ పత్రికలకెక్కాక ప్రభుత్వం కదిలింది. 2012లో నియమాలు మార్చారు. కర్మాగారాల పని నిషేధించారు. పని వేళలు ఎక్కువభాగం రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య పడే ఉద్యోగాలు ఇవ్వకూడదన్నారు. ఏడాదికి రాగల విద్యార్థుల సంఖ్యకు 1,09,000 అని హద్దు పెట్టారు. ఆ పిల్లలు అడిగారు కాబట్టే ఇవి వచ్చాయి, దయతో ఎవరూ ఇవ్వలేదు.

సీజను వ్యాపారంలో ఇంకో చిక్కుంది. సీజను పోతే నష్టం ఎవరిది? 2008 జూన్ 9న భారీ వానలకు లేక్ డెల్టన్ గట్టు ఒకచోట తెగి, చెరువంతా కొద్ది గంటల్లో విస్కాన్సిన్ నదిలోకి పోయింది. ఇళ్ళు కొట్టుకుపోయాయి. సీజను మొదలయ్యే రోజుల్లో చెరువుగట్టు రిసార్టుల ముందు బురద మిగిలింది. 2020 జూన్‌లో కరోనా పేరుతో అమెరికా అధ్యక్షుడు ఈ వీసాలనే ఆపేశాడు, 2021 మార్చి చివరి దాకా. ఇలాంటప్పుడు యజమానికి బీమా, బ్యాంకు ఏవో ఉంటాయి. అప్పుచేసి ఏజెంటుకు ఫీజు కట్టిన విద్యార్థికి ఏముంటాయి?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన సీజను మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం. ఆషాఢంలో, మూఢంలో పని లేదు. అక్కడ సీజను కాలేజీ సెలవుల్లో పడేలా చట్టమే చూస్తుంది. ఇక్కడ మాఘ ఫాల్గుణాలు సరిగ్గా ఇంటర్ పరీక్షల నెత్తిన పడతాయి. శ్రావణం కొత్త తరగతులు మొదలై సిలబస్ పరుగెత్తే కాలం. ముహూర్తాలు పంతులు చూసి పెడతాడు, హాల్ టికెట్ చూసి కాదు. తెల్లారి పరీక్ష పెట్టుకుని అర్ధరాత్రి దాకా బిర్యానీ డేక్సాలు మోసిన తమ్ముళ్ళు మనకు తెలుసు. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి మళ్ళీ కేటరింగుకే పోయినవాళ్ళూ తెలుసు.

పెళ్ళి రాత్రి ఒంటిగంటకు ముగుస్తుంది. హాస్టల్ గేటు ఎప్పుడో మూసేస్తారు. కాంట్రాక్టరు ఆటో ఎక్కిస్తే ఎక్కించినట్టు, లేకపోతే చంద్రాయణగుట్ట నుంచి బాలాపూర్ దాకా నడకే. డబ్బులు ఆ రాత్రే ఇస్తానని వచ్చే ముహూర్తానికి కలిపి ఇస్తానంటాడు, ఆ ముహూర్తానికి ఫోనెత్తడు. ఎంతిస్తానన్నాడో రాసిన కాగితం ముక్క ఉండదు. అమెరికా విద్యార్థి చేతిలో కనీసం గంటకు ఇంత, అద్దె ఇంత అని రాసిన ఒప్పందం ఉంటుంది, మోసం జరిగితే చూపించడానికి పనికొస్తుంది. మన చేతిలో ఏముంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేడ్కర్ గారు వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. ఈనాడు మన పిల్లలు పెళ్ళిళ్ళలో అందరికీ గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నారు, ఎవరూ వద్దనరు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఇంటిపేరు, ఊరు అడిగి వంట దగ్గర కాకుండా ఎంగిలి ప్లేట్ల దగ్గర నిలబెట్టే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. యూనిఫాం అందరికీ ఒకటే ఇచ్చినప్పుడు పని కూడా వంతుల వారీగా ఇవ్వాలని అడగడంలో తప్పేముంది?

దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల మెట్లెక్కే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక హెచ్చరిక. "నాలుగు నెలలు రిసార్టులో పని, లక్షల సంపాదన" అని ఎవరైనా అంటే, ఆ పథకం తిరిగొచ్చి తమ కాలేజీలోనే చదువు కొనసాగించే విద్యార్థులకని గుర్తుంచుకోండి. మన దేశం నుంచి ఆ దారిన వెళ్ళేవాళ్ళు తక్కువే. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల సాయంతో పైచదువుకు వెళ్ళేవాళ్ళది ఎఫ్-1 వీసా, అది వేరు. దాని మీద చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు. బయట రెస్టారెంటులో అనుమతి లేకుండా గిన్నెలు కడిగితే వీసాకే ముప్పు. 2019లో ఫార్మింగ్‌టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ కేసులో దొరికిన వందమందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళే. పని చేసుకోవచ్చన్న ఆశే చాలామందిని అక్కడ చేర్చింది.

మన హాస్టళ్ళ వరకూ చేయగలిగింది ఒకటుంది, ఖర్చు లేనిది. ప్రతి హాస్టల్లో ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుందాం. కేటరింగుకు పోయే ప్రతివాడూ పోయేముందు అందులో రాయాలి: తేదీ, హాలు, కాంట్రాక్టరు ఫోను నంబరు, ఒప్పుకున్న డబ్బు, ఎన్నింటికి వదులుతానన్నాడు, తిరిగి రావడానికి బండి ఉందా లేదా. వచ్చాక చేతికి ఎంత వచ్చిందో పక్కన రాయాలి. రెండుసార్లు డబ్బు ఎగ్గొట్టిన నంబరు కింద ఎర్ర గీత గీసి, పక్క హాస్టళ్ళ నోటుబుక్కుల్లో కూడా ఎక్కించాలి. పరీక్షలకు పదిహేను రోజుల ముందు నుంచి ఏ పేరూ రాయనివ్వొద్దు. ఆ పదిహేను రోజులకు పరీక్ష ఫీజు, బస్సు ఖర్చు లేనివాళ్ళకు ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటాం, బదులుగానే ఇస్తాం, ఫలితాలొచ్చాక తీర్చవచ్చు. సీజను మొదలవక ముందే ఒక ఆదివారం కూర్చుని నోట్‌బుక్కు ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకుందాం.