మన ఆరోగ్యము: పూటకూళ్లవానికిచ్చిన రెండు దేనారములు



మంచి సమరయుని కథ మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలిసినదే. గాయములకు నూనె, ద్రాక్షారసము పోసి అతడు కట్టు కట్టిన సంగతి అందరికీ గుర్తుంటుంది. మరునాడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టిన సంగతిని మాత్రము త్వరగా దాటిపోతాము. మందు ఉంటే చాలదు, దాని ఖర్చు భరించేవారు కూడా ఉండాలి. హెచ్.ఐ.వి. మందుల విషయములో ఆ ఖర్చు తగ్గించుటకు పాటుపడిన తెలుగు శాస్త్రవేత్త ఒకరిని ఈ నెల మీకు పరిచయము చేస్తున్నాము.

మన దేశములో ఈ వైరస్ ఉన్నదని 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్‌గారి బృందము కనుగొన్నది. మరుసటి సంవత్సరము మార్చిలో అమెరికాలో మొదటి మందుకు అనుమతి లభించింది. దాని పేరు ఏ.జెడ్.టి. వైరస్ మన తెల్ల రక్తకణములో దూరి, పూసలు గుచ్చినట్లు ఒక్కొక్కటే చేర్చుకొంటూ తన నకలు తయారు చేసుకొంటుంది. ఈ మందు కూడా పూసవలెనే ఉంటుంది గాని, దాని తరువాత మరొక పూస ఎక్కదు. దండ అక్కడితో ఆగిపోతుంది. అయితే ఆ రోజులలో అది లోకములోని మిక్కిలి ఖరీదైన మందులలో ఒకటి.

గుంటూరులో 1935లో పుట్టిన డాక్టర్ ఏ.వి. రామారావుగారు వైద్యులు కారు, రసాయన శాస్త్రజ్ఞులు. 1985 నుండి 1995 వరకు హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. 1970 నాటి చట్టము ప్రకారము అప్పుడు మన దేశములో మందుకు పేటెంటు లేదు, తయారు చేసే పద్ధతికి మాత్రమే ఉండేది. అందువలన అదే మందును వేరొక దారిలో చేయవచ్చును. రామారావుగారు ఏ.జెడ్.టి.ని తక్కువ ఖర్చుతో చేసే దారి కనుగొన్నారు. బొంబాయిలోని సిప్లా కంపెనీ 1993లో దానిని విదేశీ ధరకంటే ఎంతో తక్కువకు అమ్మకానికి పెట్టింది. అయినను కూలి చేసుకొని బ్రతికేవారికి అదీ అందలేదు. పైగా ఒక్క మందే వాడితే కొంతకాలమునకు వైరస్ దానిని తట్టుకొనుట నేర్చుకొన్నది.

ఈ పాఠము మదనపల్లె ప్రాంతమువారికి కొత్త కాదు. 1915లో మిషనులు కలిసి ఆరోగ్యవరములో క్షయ శానిటోరియము తెరచిన నాటికి ఆ జబ్బుకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవే చికిత్స. తరువాత స్ట్రెప్టోమైసిన్ వచ్చినను, అది ఒక్కటే వాడితే క్రిమి లొంగలేదు. మందులు కలిపి ఇచ్చినప్పుడే రోగము కుదిరింది. హెచ్.ఐ.వి.కి కూడా 1996 నాటికి మూడు మందులు కలిపి ఇచ్చుట మొదలై, మరణములు తగ్గాయి. సంవత్సరమునకు 10,000 డాలర్లు దాటిన ఆ చికిత్సను 350 డాలర్లకే ఇస్తామని 2001 ఫిబ్రవరిలో సిప్లా ప్రకటించింది. 2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుట ప్రారంభించింది. నేడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలును. జబ్బు పూర్తిగా పోదు గాని, అణగి ఉంటుంది. రక్తపరీక్షకు అందనంతగా వైరస్ తగ్గి అలాగే నిలిచినంత కాలము, దాంపత్యము ద్వారా భర్తకు గాని భార్యకు గాని సోకదు.

అంటే దేనారములు చెల్లింపబడినవి. మిగిలిన పని మనది.

గర్భిణి అయిన ప్రతి సహోదరి పరీక్ష చేయించుకొనవలెను. మందు లేనప్పుడు నూటికి సుమారు 25 మంది బిడ్డలకు సోకిన ఈ వైరస్, ఏ.జెడ్.టి. ఇచ్చినప్పుడు సుమారు 8 మందికే సోకినట్లు 1994లోనే తేలింది. ఇప్పటి మందులతో ఇంకా తక్కువ. హెచ్.ఐ.వి. ఉన్నవారికి క్షయ సులభముగా వస్తుంది గనుక, రెండు వారములు దాటిన దగ్గును అశ్రద్ధ చేయరాదు.

మరొక మాట. ప్రార్థన చేయించుకొన్నాము గదా అని మాత్రలు మానివేసేవారున్నారు. ప్రార్థనకు మాత్ర విరోధి కాదు. మానిన మందు మరల పనిచేయకపోవచ్చును. అట్టివారిని ప్రేమతో ఆసుపత్రికి తిరిగి పంపుట కాపరుల, పెద్దల బాధ్యత.

కలిసి భోజనము చేసినందున, ఒకే బల్లమీద కూర్చున్నందున, చేయి కలిపినందున ఈ జబ్బు అంటదు. ఒకరి జబ్బు సంగతి వారి అనుమతి లేకుండ బయటపెట్టరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము లేకపోయినను మనము చెప్పరాదు. సందేహములున్నవారు 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

సంఘములో ఎవరైనను ఈ జబ్బుతో ఉన్నారని తెలిస్తే, వారిని గూర్చి మాట్లాడుట మాని, వారితో మాట్లాడుదము. మాత్రల రోజున ఆసుపత్రికి తోడుగా వెళ్లుటకు ఒక మనిషి చాలును. ఆ మనిషి మీ ఇంటనుండియే కావచ్చును.