సామూహిక నృత్యరచన – బాణీ, నడక

అమెరికాలోని న్యూ ఇంగ్లాండు ప్రాంతమున ‘కాంట్రా’ యను సామూహిక నృత్యము నేటికిని సజీవముగ నున్నది. జంటలు బారులు తీరి ఆడుదురు. బాణీ ఒక పర్యాయము ముగియుసరికి ప్రతి జంటయు స్థానము మారి, క్రొత్త జంటను కలిసికొనును.

పది విన్యాసములను వరుసగా పేర్చినచో ఇట్టి నృత్యము సిద్ధించునని కొందరు తలంతురు. నేనంగీకరింపజాలను.

బాణీలో సాధారణముగా రెండు భాగములుండును. ఒక్కొక్కటి రెండుసార్లు వాయింతురు. ఆవృత్తికి 16 అడుగుల చొప్పున మొత్తము 64. చేతులు పట్టుకొని ముందుకు, వెనుకకు ఊగు ‘బ్యాలెన్స్’కు 4 అడుగులు, జంటగా గిరగిర తిరుగు ‘స్వింగ్’కు 12 అడుగులు ఇచ్చి, వానిని ఆవృత్తి మొదట నిలిపినచో సంగీతమే దారి చూపును. అస్థానమున నిలిపినచో చెవి యొకటి చెప్పగా కాలు వేరొకటి చేయును.

దేహమునకును వ్యాకరణము కలదు. కుడిచేయి కలిపి ఒకరిని దాటినవారికి, పిదప ఎదురగు వారి కందించుటకు ఎడమచేయి సిద్ధముగ నుండును. వెంటనే మరల కుడిచేతినే కోరుట నడకను త్రుంచుటయే.

సులభమైనది విసుగు పుట్టించునందురు. కాని ఈ బారులలో నేడు చేరినవారును, చిరకాలముగ ఆడుచున్నవారును ప్రక్కప్రక్కనే నిలుతురు. ఒకరు తడబడిన పొరుగువారి ఆటయు చెడును. క్రొత్తదనము పేరిట క్లిష్టతను పెంచిన రచన, క్రొత్తవారిని బారునుండి వెడలగొట్టును. ఆ తడబాటు తరచుగ ఆడువారిది కాదు, కూర్చినవానిది.

విద్యార్థి మిత్రులారా! పదిమంది కలిసి చేయవలసిన దేనిని కూర్చినను, మన నేర్పును గాక వారి నడకను ముందు తలంచుట మేలు.